చెరువుగట్టు మీద పావుగంట

షెల్టర్‌కి నేను చేరింది అక్టోబరు మొదటివారంలో, మధ్యాహ్నం మూడింటికి. రాజోలు నుంచి ఆటో. ఆకాశం మబ్బు, గాలి లేదు, ఒళ్లంతా జిడ్డు. సామాను రెండు ఇనప ట్రంకులు, ఒక కారు బ్యాటరీ, రాగి తీగ చుట్టలు, మడత మంచం, దోమతెర. తుఫాను షెల్టరంటే స్తంభాల మీద నిలబెట్టిన సిమెంటు కట్టడం. కిటికీలకు రెక్కలు లేవు. కింద మేకలు కట్టేసి ఉన్నాయి. దక్షిణాన సరుగుడు తోట, దాని అవతల సముద్రం, మిగతా మూడు వైపులా రొయ్యల చెరువులు. సైన్యంలో సిగ్నల్స్ పని చేసి వచ్చినవాణ్ని. మంచులో బంకర్లు చూశాను, ఇసుకలో గుడారాలు చూశాను. సొంత జిల్లాలో పోస్టింగు మాత్రం అదే మొదటిది.

పోస్టింగు అంటున్నాను గానీ జీతం లేదు. ఇంట్లో సొంత రేడియో స్టేషను పెట్టుకోడానికి లైసెన్సు తీసుకున్నవాళ్లం కొందరం ఒక క్లబ్బుగా ఉన్నాం. తుఫానుల కాలమంతా ఒక మనిషి ఆ షెల్టర్‌లో ఉండాలని క్లబ్బు నిర్ణయం. టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయినప్పుడు దూరాలకు కబురు పంపే స్టేషను సిద్ధంగా ఉంచాలి. ఎనభై మీటర్ల బ్యాండు వాడాలన్నారు. అంటే ఒక్కో అల పొడవు ఎనభై మీటర్లు. పొద్దు వాలాక ఆ అల ఆకాశానికి తగిలి వెయ్యి మైళ్లు కూడా పోతుంది. దానికి తగ్గట్టు తీగ కూడా ఎత్తుగా, పొడవుగా ఉండాలి.

నాకు అక్కడ సొంత పని కూడా ఒకటుంది. అది క్లబ్బుకి చెప్పలేదు. మా ఉస్తాద్‌ని వినాలి. ఉస్తాద్ అంటే నాకు మోర్స్, చుక్కలూ గీతలుగా మీట కొట్టి కబురు పంపే విద్య, నేర్పిన హవల్దారు. కొండమీది పోస్టులో రెండు చలికాలాలు ఒకే బంకర్లో ఉన్నాం. నా పేరు ఆయనకి నోరు తిరగదు. "గోదావరి" అని పిలిచేవాడు. ఒక చలికాలం ఆయన కూతురి పెళ్లి కుదిరింది. సెలవు మంజూరైంది. కిందికి దిగే కనుమ దారి మంచుకు మూసుకుపోయింది. పెళ్లిరోజు ఆయన నా పక్కనే బంకర్లో ఉన్నాడు.

రిటైరై కుమావూ కొండల్లో సొంత ఊళ్లో ఉంటున్నాడు. నిరుడు గొంతులో కేన్సరొచ్చి స్వరపేటిక తీసేశారు. ఇక ఫోనెందుకు? దగ్గర పలక పెట్టుకుని మందు, నీళ్లు, రొట్టె అని రాస్తాడట. అంతకు మించి రాయడట. ఇంట్లో ఆయనకీ ఒక రేడియో స్టేషనుంది, మోర్స్ కీ కొట్టడం మాత్రం మానలేదు. ఈ సంగతులు కూతురే చెప్పింది. అత్తవారింటి నుంచి వచ్చి ఆయన్ని చూసుకుంటోంది. "డాక్టర్లు ఎక్కువ రోజులు చెప్పడం లేదు అంకుల్" అంది. ఆ చెయ్యి పలకడం నేను ఒక్కసారైనా మళ్లీ వినాలి. అంత దూరం అందే తీగ కట్టడానికి మా ఇంటి దగ్గర చోటు లేదు. అందుకే షెల్టర్ డ్యూటీ ఎవరికి అనగానే చెయ్యెత్తాను.

మొదట యాంటెన్నా. షెల్టర్ వెనక రెండు కొబ్బరిచెట్లు, అరవై అడుగులుంటాయి. తీగ ఒకదాని మీదికి నిలువుగా పోయి, అక్కణ్నుంచి రెండోదానికి అడ్డంగా పోవాలి. దింపు మనిషిని పిలిపించాను. కాయలు దింపడం అతని వృత్తి. తీగా కప్పీ చేతికిస్తే నన్ను ఎగాదిగా చూశాడు.

"బట్టలారేసుకోడానికా అండి, ఇంతెత్తున?"

"ఆయ్. మా ఆవిడ చీరలు పొడుగండి" అన్నాను.

"ఇక్కడారేస్తే అంతర్వేదిలో దొరుకుతాయండి మిలట్రీగారూ" అని నవ్వుతూ ఎక్కేశాడు.

చెట్లు గాలికి ఊగుతాయి. బిగించి కట్టిన తీగ తెగుతుంది. అందుకని రెండో చెట్టు దగ్గర ముడి వేయించలేదు. తీగని కప్పీ మీంచి కిందికి దించి చివర రెండు ఇటుకలు కట్టాను. చెట్టు అటు వంగితే ఇటుకలు పైకి పోతాయి, లేస్తే దిగుతాయి. మేకలు కొన్నాళ్లు వాటిని చూసి బెదిరి, తరవాత అలవాటు పడ్డాయి.

నేల గురించి చెప్పాలి. నిలువు యాంటెన్నాకి సగం బలం కింద నేలలోనే ఉంటుంది. కొండమీద మాకు రాయీ, గడ్డకట్టిన మంచూ. ఎన్ని తీగలు పరిచినా ఉపయోగం ఉండేది కాదు. ఉస్తాద్ విసిగిపోయి "మీ ఊరి బురద ఒక లారీ తెప్పించు గోదావరీ" అనేవాడు. ఇక్కడ ఉన్నదంతా ఆ బురదే. షెల్టర్ పక్కనే పర్ర, ఆటుపోట్లకు మునిగి తేలే ఉప్పు నేల. మోకాలి లోతు దిగి రాగి తీగలు పరిచాను. పీతలు కరిచాయి. మీటరు పెట్టి చూస్తే నమ్మబుద్ధి కాలేదు. నా సర్వీసంతా వెతికిన నేల నేను పుట్టిన చోటే ఉంది. ఆయన కూడా పక్కనుంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

తరవాత యాంప్లిఫయరు. నేను తయారుచేసుకున్న చిన్న సెట్టు బలం ఐదు వాట్లు, సైకిల్ దీపమంత. దాన్ని నాలుగువందలు చెయ్యాలి. ట్రంకులో పాత రష్యన్ వాల్వులున్నాయి. కాయిల్‌కి కావలసిన రాగి గొట్టం తాటిపాకలో ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్లో దొరికింది. నీళ్ల పైపు మీద చుట్టి ఆకారం తెచ్చాను. లోపల రెండు వేల వోల్టులు తిరుగుతుంటాయి. దాని దగ్గర పనికి ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం ఒకటే. "ఒక చేత్తో పని, రెండో చెయ్యి జేబులో. రెండు చేతులూ పెట్టినవాడి ఇంటికి కబురు మనమే పంపాలి." నేను ఎడమచెయ్యి జేబులోనే ఉంచి మొత్తం బిగించాను.

మొదటిసారి పిలిచిన సాయంత్రం గాలి తగ్గి ఉంది. పొద్దు చెరువుల వెనక్కి జారింది. కీ మీద ఆయన పేరు కొట్టాను. కాసేపటికి ఫోన్లో కూతురి మెసేజ్. "నాన్న బొటనవేలు పైకెత్తారు. మీరు చాలా గట్టిగా వినిపిస్తున్నారు. మీకు జవాబు కొడుతున్నారు. అందుతోందా?"

అందలేదు. నా చెవుల్లో ఏరేటర్లు. చెరువు నీళ్లలోకి గాలి ఎక్కించే చక్రాలు, వాటికి మోటార్లు. చక్రం తిరిగినంతసేపూ ఆ మోటారు రేడియోలో గుర్రుమంటుంది. మూడు వైపులా అన్ని చక్రాలు తిరుగుతుంటే బ్యాండులో ఇంకేమీ మిగల్లేదు. నాకు నోరు పెద్దదైంది, చెవి రాలేదు. చెవి కావాలంటే సరుగుడు తోటలోంచి సముద్రం దాకా వినడానికి వేరే తీగ ఒకటి లాగాలి. తోట వాళ్ల అనుమతి కావాలి. ఈలోగా వాల్వు వేడెక్కింది, దాన్ని చూశాను. ట్రాన్స్‌ఫార్మరు మూలిగింది, దాన్ని చూశాను. తోట పని రేపు, రేపు అంటూ వెనక్కి పోయింది. ఆ రేపులు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

చెరువు రైతుకి నలభై ఏళ్లుంటాయి. కువైట్‌లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చి, సంపాదనంతా ఆ నీళ్లలో పోశాడు. షెల్టర్ చుట్టూ ఉన్న చెరువులన్నీ అతనివీ వాళ్లన్నయ్యవీ. అన్నిటికీ కలిపి ఒకటే జనరేటరు. సాయంత్రాలు ఫ్లాస్కుతో టీ పట్టుకొచ్చేవాడు.

"ఏమండి బాబాయిగారూ, ఇవాళైనా ఎవరన్నా పలికేరా?"

"మీ చక్రాలే పలుకుతున్నాయండి."

"కాసేపు ఆపమంటారా అండీ?"

"ఆపితే రొయ్యకి ఊపిరాడదు కదండీ."

"ఆయ్. మబ్బు పట్టిన రోజైతే అసలాగదండి, పైకి తేలిపోద్ది. ఒక్కసారి తేలిందంటే పంటంతా పోయినట్టేనండి" అన్నాడు. ఇక నేను ఎప్పుడూ అడగలేదు.

రోజూ పొద్దు వాలే వేళకు ఉస్తాద్‌ని పిలిచేవాణ్ని. పర్ర గురించీ పీతల గురించీ కొట్టేవాణ్ని. ఆయన వింటున్నాడని తెలుసు, జవాబిస్తున్నాడని తెలుసు. నాకు వచ్చేది మాత్రం చక్రాల రొద. పక్క గదిలో ఉన్న మనిషితో గోడ అవతల నుంచి మాట్లాడుతున్నట్టుండేది.

నవంబరు చివర వాయుగుండం పట్టింది. మా మీదికి రాలేదు, ఉత్తరానికి పోయింది. గాలీ వానా మాత్రం మాకిచ్చింది. రెండో రోజు సాయంత్రం ఐదుంబావుకి ముందు జాగ్రత్తగా కరెంటు తీసేశారు. షెల్టర్‌కి జనరేటరు పంపుతామన్న క్లబ్బు ఇంకా పంపలేదు. యాంప్లిఫయరు చల్లబడింది. టవరు కూడా పోయి ఫోను మూగబోయింది. కారు బ్యాటరీ మీద చిన్న సెట్టు ఒక్కటే బతికుంది.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. రొద లేదు. చక్రాలన్నీ ఆగిపోయాయి. మెరుపుల చిటపటల మధ్య, సన్నగా, ఆయన. మంచుకి చూపుడువేలి కొస పోయింది, మధ్యవేలితో కొడతాడు, గీత కొంచెం సాగుతుంది. లక్షమందిలోనైనా గుర్తుపడతాను. "గోదావరి, గోదావరి" అని పిలుస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. వానలో చెరువుగట్టు మీద రైతు జనరేటరు మీదికి వంగి ఉన్నాడు.

"స్టార్ట్ చెయ్యకండీ! పలికేడండీ! మా ఉస్తాద్ పలికేడు!"

అతను నిటారుగా లేచాడు. "పావుగంటండీ బాబాయిగారూ! తేలితే మాత్రం ఆగలేనండీ!"

"నా చెయ్యి పైకున్నంతసేపూ ఆగండి! దించితే స్టార్ట్ చేసెయ్యండి!"

"ఆయ్!" అన్నాడు.

బల్లని కిటికీ పక్కకు లాక్కున్నాను. ఎడమచెయ్యి పైకెత్తి, కుడిచేత్తో కీ కొట్టాను. "ఉస్తాద్, వింటున్నాను." ఐదు వాట్లు. ఆ మెరుపుల్లో అది కొండ దాకా పోలేదు. ఇన్నాళ్లూ ఆయన నన్ను విన్నాడు, నేను వినలేదు. ఇప్పుడు నేను వింటున్నాను, ఆయనకి నేను లేను. మళ్లీ కొట్టాను. మళ్లీ కొట్టాను. ఆయన పిలుస్తూనే ఉన్నాడు.

కాసేపు ఆగాడు. తరవాత పద్ధతి మార్చాడు. అవతలివాడు వినిపించనప్పుడు, వాడు వింటున్నాడన్న నమ్మకం మీద కబురు పంపే పద్ధతి ఒకటుంది. జవాబు కోసం ఆగకూడదు. తప్పిపోకుండా ప్రతి మాటా రెండేసి సార్లు కొట్టాలి. నాకు నేర్పింది ఆయనే. నేను కీ వదిలి పెన్సిలు పట్టుకున్నాను.

"గోదావరి గోదావరి. నువ్వు నువ్వు వినిపించడం వినిపించడం లేదు లేదు. అయినా అయినా పంపుతున్నా పంపుతున్నా."

వాన పెరిగింది. చెయ్యి లాగేస్తోంది. దించలేదు.

"నీ నీ బురద బురద మంచిది మంచిది."

నవ్వాను. తల తిప్పి చూశాను. చెరువు మీద వాన చుక్కలు కాక ఇంకేదో కదులుతోంది. గట్టు పొడవునా నీళ్ల పైన సన్నటి మీసాలు. రొయ్య తేలుతోంది. రైతు ఒక చేత్తో జనరేటరు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. చెరువు వైపు చూడటం లేదు, నా చెయ్యి వైపు చూస్తున్నాడు. ఆగలేనన్న మనిషి ఆగి ఉన్నాడు.

"నా నా కూతురికి కూతురికి చెప్పు చెప్పు. పెళ్లి పెళ్లి రోజు రోజు."

నేను చెయ్యి దించాను.

జనరేటరు ఒక్క తిప్పుకే అందుకుంది. చక్రాలు లేచాయి. చెవుల్లో గుర్రుమంది. ఆ రొద కిందే ఆయన ఇంకా కొడుతున్నాడని నాకు తెలుసు. హెడ్‌ఫోన్ చెవులకు అదుముకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్క అక్షరం కూడా రాలేదు.

కరెంటు పోయిన రెండో రోజుకి తిరిగొచ్చింది. పూర్తి బలంతో పిలిచాను, మిగతా మాట మళ్లీ పంపమని. ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారని కూతురి మెసేజ్. ఆ వారం దాటలేదు. కర్మలయ్యాక ఆమె ఫోన్ చేసింది.

"ఆ సాయంత్రం నాన్న చాలాసేపు కొట్టారు అంకుల్. ఆపమన్నా ఆపలేదు. కళ్లు తుడుచుకుంటూ కొట్టారు. ఏం చెప్పారు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. నీకు చెప్పమన్నాడు, పెళ్లిరోజు అన్నాడు, అంతవరకే అందిందమ్మా అన్నాను. తరవాత నేను చూసింది చెప్పాను. ఆ పెళ్లిరోజు పొద్దున్నే మంచు కరిగించి గడ్డం గీసుకున్నాడనీ, ఉతికిన యూనిఫాం వేసుకున్నాడనీ, చీకటి పడేదాకా బంకరు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడనీ.



"అది మీరు చూసింది అంకుల్" అంది. "నాన్న చెప్పింది కాదు కదా."

కాదన్నాను. ఫోన్ పెట్టేసింది.

డిసెంబరు ఆఖర్న డ్యూటీ ముగిసింది. ఆ ఏడు తుఫాను మా వైపు రాలేదు. దింపు మనిషి ఎక్కి తీగ విప్పాడు. "చీరలారిపోయేయాండీ మిలట్రీగారూ?" అన్నాడు. ఆరిపోయాయన్నాను. చెరువు రైతు తన వ్యానులో కొత్తపేట దాకా దిగబెట్టాడు. పంట దక్కిందని చెప్పి, అంతలోనే "ఇంకాసేపు ఆగేవాణ్నండి బాబాయిగారూ, మీరే దించేశారు" అన్నాడు. "మంచిపని చేశానండి" అన్నాను. అది నిజమే. ఇప్పుడైనా అదే చేస్తాను.

కానీ సాయంత్రం వాన పడితే నా ఎడమ భుజం లాగుతుంది. కళ్లముందు అతనే నిలబడతాడు. వానలో చెరువుగట్టు మీద, చెయ్యి హ్యాండిల్ మీద, వెనక నీళ్లలో బతుకంతా తేలుతుంటే అటు చూడకుండా, నా చెయ్యి ఎప్పుడు దిగుతుందా అని నా వైపే చూస్తూ.