సమ్మక్క తనదని చెప్పిన నొప్పి

2018 మొదట్లో నన్ను జగ్‌దల్‌పూర్ నుంచి సుక్మా జిల్లా కుంట బ్లాకులోని ఒక సామాజిక ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఉద్యోగం ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వంలోనే అయినా మాది పార్వతీపురం. తెలంగాణ సరిహద్దును ఆనుకున్న ఆ పల్లెల్లో తెలుగు మాట్లాడే కూలీలు, రైతులు చాలామంది ఉన్నారు. పర్చీ అనే ఓపీ చీటీ మీద పేరూ ఊరూ రాయించుకుని నా గదిలోకి వచ్చినవాళ్ళు, నేను తెలుగులో పలకరించగానే కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చునేవారు.

అయితే నేను ఆడ డాక్టరునన్న సంగతి మగవాళ్ళకు ఇబ్బందిగా ఉండేది. జ్వరమొస్తే వచ్చేవారు, గొడ్డలి దెబ్బ తగిలితే వచ్చేవారు. నడుము కింద బాధ అయితే మాత్రం వారపు సంతలో సూదులు వేసేవాడి దగ్గరకు పోయేవారు. అందుకే మా డ్రెస్సర్ నాగ్ భాయ్‌ని పరీక్ష గదిలో తెర పక్కన కూర్చోబెట్టేదాన్ని. గాయాలకు కట్టు కట్టడం ఆయన ఉద్యోగం. మగ రోగులకు ధైర్యం చెప్పడం ఆయన అదనపు విధి అయింది.

మే నెలలో సమ్మక్క వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. చంకలో రెండేళ్ళ ఆడపిల్ల ఉంది. ఒంటేలుకు పోతే మండుతున్నదని చెప్పింది. ఆడవాళ్ళలో ఇది చాలా మామూలు ఫిర్యాదు, ఎక్కువగా మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తుంది. మంట ఎప్పుడు వస్తుందని అడిగాను.

"మొదలు బాగనే వొస్తది డాక్టరమ్మా. నడిమిట్ల టక్కున ఆగిపోతది. గప్పుడు నొప్పి. ఆఖరుకు కొసకాడ సూదులతోని పొడిచినట్టుంటది."

"ఆగిపోయాక మళ్ళీ ఎలా వస్తుంది?"

"నిలబడితే ఆగుతది, జరంత వంగి పక్కకు తిరిగితే మళ్ళ వొస్తది."

నేను రాస్తున్నది ఆపాను. "నువ్వు నిలబడి పోసుకుంటావా సమ్మక్కా?"

ఆమె తల దించుకుంది. ముందు నవ్వు వచ్చింది, ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. బాధ తనది కాదు, భర్త ముత్తయ్యది. రమ్మంటే రానన్నాడు. ఆడామె ముందర ఈ మాట ఎట్ల చెప్పాలన్నాడు. తన పేర మందు రాయించుకుని అతనికి ఇద్దామని వచ్చింది. అతను బయట టీ కొట్టు దగ్గర ఉన్నాడు.

ఇంత వివరంగా ఎలా తెలుసని అడిగాను. "ఇంటెనక పోతడు గదా. తడిక ఇవతల నిలబడి ఇంటుంట. ఆగినప్పుడల్ల నా పానం గూడ ఆగినట్టే అయితది" అంది.

మిగతాది కూడా అప్పుడే చెప్పింది. ముత్తయ్య చలికాలంలో భద్రాచలం వైపు మిరపకాయ ఏరడానికి పోయి, మార్చిలో తిరిగి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి వాకిట్లో వేరే పండుకుంటున్నాడు. వేరే పళ్ళెంలో తింటున్నాడు. బిడ్డ కాళ్ళకు చుట్టుకున్నా ఎత్తుకోవడం లేదు. "నామీద మనసు ఇరిగిందా, సచ్చే రోగమొచ్చిందా, ఏందో సమజైతలే" అంది.

నాగ్ భాయ్ టీ కొట్టుకు వెళ్ళి, ఏం మాట్లాడాడో గాని, అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సమ్మక్కను బయట బెంచీ మీద కూర్చోమన్నాను.

వయసులో ఉన్న మగవాడికి మూత్రం పోసేటప్పుడు నొప్పి అంటే వైద్యుడి మనసులో చాలా కారణాలు మెదలాలి. సంపర్కం వల్ల సోకే గనేరియా, క్లమీడియా మొదటివి. వాటిలో తరచు చీములాంటి స్రావం ఉంటుంది, ఒక్కోసారి ఏ గుర్తూ ఉండదు. పుండ్లు ఉంటే హెర్పిస్ కావచ్చు. చలిజ్వరం, నడుము కింద బరువు ఉంటే ప్రోస్టేటు గ్రంథి వాచిందేమో చూడాలి. ఇవి కాక సాధారణ ఇన్‌ఫెక్షన్, రాయి, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం వల్ల చిక్కబడిన మూత్రం, చివరికి ఒంటికి పడని సబ్బు కూడా కారణాలే. ఒక్కొక్కటే అడిగి తీసివేస్తూ పోవాలి.

ముత్తయ్య నన్ను ఆ వరుసలో అడగనివ్వలేదు. "నాకు చెడ్డ రోగమొచ్చిందమ్మా" అన్నాడు. మిరప తోటల కాడ ఉండగా తోటి కూలీలతో తాగి ఒక ఆమె దగ్గరకు పోయాడు. ఒక్కసారే. సంతలో సూదులు వేసేవాడు ఈ మంట దానివల్లే అన్నాడు, ఇంట్లో ఎవరినీ తాకొద్దన్నాడు. వేసిన సూదులు పనిచేయలేదు. "ఊరి పండుగయినంక బోర్లేసే బండి మీద దూరం పనికి పోయి, ఇగ రానే రావొద్దనుకున్న. బిడ్డకంటితే ఎట్ల?"

ఎత్తుకుంటే, పక్కన తింటే ఈ జబ్బులేవీ అంటవని ముందు అది చెప్పాను. తర్వాత పరీక్ష చేశాను. స్రావం లేదు, పుండ్లు లేవు. మూత్రంలో రక్తకణాలు ఉన్నాయి, చీముకణాలు కొద్దిగానే ఉన్నాయి. అతని అంగీకారంతో చేసిన హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షల్లో ఏమీ లేదని తేలింది. ధార మధ్యలో ఆగడం, ఒళ్ళు కదిలిస్తే మళ్ళీ రావడం, చివర్లో కొసన నొప్పి, ఇవన్నీ మూత్రాశయంలో రాయిని చూపించాయి. రాయి దొర్లి దారికి అడ్డం పడితే ధార ఆగుతుంది, పక్కకు జరిగితే వస్తుంది.

కాని క్లమీడియాను తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. అలాంటప్పుడు పద్ధతి ప్రకారం, సంపర్కం జరిగిందన్నవాడికి మందు ఇవ్వాలి, భార్యకూ ఇవ్వాలి. ఆడవాళ్ళలో అది నొప్పి లేకుండా దాగి ఉండి తర్వాత గర్భం రాకుండా చేయగలదు. ప్రభుత్వం పంపే బూడిదరంగు పెట్టెలో ఆ మాత్రలు ఉంటాయి. పాలిచ్చే తల్లికీ ఇబ్బంది లేనివే.

అతను బయట బెంచీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "రాయి అని చెప్పి గా మాత్ర గూడ మింగమనరాదా అమ్మా? ఆమెకు తెల్వదు గదా."

నేను కుదరదన్నాను. దేనికో చెప్పకుండా మనిషి చేత మందు మింగించే హక్కు నాకు లేదు. అతని రహస్యం అతని అనుమతి లేకుండా ఆమెకు చెప్పే హక్కూ లేదు. చెప్పాల్సింది అతనే. కావాలంటే నేను పక్కన కూర్చుంటానన్నాను. వద్దన్నాడు.

ఆస్పత్రి వెనుక వరండాలో చెప్పాడు. కిటికీలోంచి కనిపించారు గాని మాటలు వినపడలేదు. నేను తర్వాతి రోగి పర్చీ అందుకున్నాను, ఒక ముక్కా బుర్రకెక్కలేదు. సమ్మక్క గొంతు ఒకసారి లేచింది. చివరికి ఆమె ఒక్కతే లోపలికి వచ్చి చెయ్యి చాచింది.

"ఆ మాత్రలియ్యి డాక్టరమ్మా."

అక్కడే మింగింది. గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడిన భర్త వైపు తిరిగింది. "నువ్వు చేసిన దానికి ఇంటికాడ అడుగుత. అది ఏరే ముచ్చట. గని ఇన్ని దినాలు బిడ్డ ఏడ్సుకుంట ఎంబడి పడితే ఎత్తుకోకపోతివి. నన్ను అడిగితే నేను ఎప్పుడో తోలుకొస్తుంటి గదా ఈడికి!" అని పిల్లను అతని చేతుల్లో పెట్టేసింది. పిల్ల ముందు బిత్తరపోయింది, తర్వాత అతని చెవి పట్టుకుని లాగింది. ముత్తయ్య గోడకు చేరబడి, పిల్ల మెడలో ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. నాగ్ భాయ్ తెర సర్దే పని పెట్టుకున్నాడు.

ఇద్దరూ మాత్రలు మింగాక కూడా వారం రోజులు కలవవద్దని, ఆ తర్వాత నిరోధ్ వాడమని చెప్పి, రెఫరల్ కాగితం రాసిచ్చాను. సుక్మాలో తీసిన అల్ట్రాసౌండ్‌లో చింతగింజంత రాయి కనిపించింది. జగ్‌దల్‌పూర్‌లో గొట్టం పంపి దాన్ని పగలగొట్టి తీశారు. అక్కడికి తోడు వెళ్ళింది సమ్మక్కే. దారి పొడుగునా తనతో మాట్లాడలేదని, నీళ్ళ సీసా మాత్రం ఖాళీ కానివ్వలేదని ముత్తయ్య నాగ్ భాయ్‌తో చెప్పుకున్నాడట.

వానలు మొదలయ్యాక ఇద్దరూ తిరిగి చూపించుకోవడానికి వచ్చారు. మంట పోయింది. ఇల్లు ఎలా ఉందని ఆమెను విడిగా అడిగాను. "మాట్లాడుతున్న. మరిచిపోలే" అంది. ఆ జవాబు నాకు సరిపోయింది. ఒక చీటీతో నయమయ్యేది కాదది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. మూత్రం మంటకు కారణాలు డాక్టరు బుర్రలో పది ఉంటాయి, రోగి మనసులో తరచు ఒకటే ఉంటుంది, అది శిక్ష. తప్పు జరిగి ఉండవచ్చు, జబ్బు దానివల్ల కాకపోవచ్చు. ఆ రెంటినీ విడదీసి అడగడం వైద్యంలో భాగం. రిటైరయ్యేదాకా ఈ బాధతో వచ్చిన ప్రతి మగవాణ్ణి ఒక ప్రశ్న అదనంగా అడిగాను: ఈ జబ్బు వచ్చాక ఇంట్లో ఏ పని మానేశావు? జవాబు రోగనిర్ధారణకు పెద్దగా పనికి రాదు. ముందు ఏ భయం తీర్చాలో మాత్రం దానివల్ల తెలిసేది.