పలకని ఆ కాసేపు

ఆ మధ్యాహ్నం ఆఫీసులో నాకు పాలు మాడిన వాసన వచ్చింది. హోసూరులోని ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో నేను డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ని. స్టాకు, జీతాలు, పంపిన సరుకు, అన్ని వివరాలూ ఉండే సర్వర్లను చూసుకోవడం నా పని. వాసన ఎక్కడిదా అని తలెత్తేలోపే, ఇదంతా ఇంతకుముందే ఒకసారి జరిగిందనిపించింది. కడుపులోంచి భయం పైకి లేచింది. తర్వాత ఏమీ లేదు.

తెలివి వచ్చేసరికి పక్క సీటు నాగరాజు నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

"సుధమ్మా, ఏం చేస్తా ఉండారో తెలుస్తా ఉందా? పిలుస్తానే ఉండాను, పలకరే."

అందరి జీతాల వివరాలుండే టేబుల్‌కు ఉన్న పాత కాపీని తొలగించడానికి నేను రాసిన కమాండ్ స్క్రీన్ మీదే ఉంది. కానీ పేరు చివర 'పాతది' అని తెలిపే అక్షరాలు చెరిగిపోయాయి. అసలు టేబుల్ పేరు మిగిలింది. చెరిపింది నా వేళ్ళే. ఇక ఎంటర్ నొక్కడమే తరువాయి, అందరి జీతాల వివరాలూ పోయేవి.

నిద్ర చాలక అనుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. కృష్ణగిరిలో న్యూరాలజిస్టుకు చూపించుకున్నాను. ఎంఆర్ఐ నార్మల్. ఈఈజీ నార్మల్. "స్ట్రెస్ అమ్మా, కొన్నాళ్ళు లీవు పెట్టండి" అన్నారు. మా ఆయన మంజునాథ సంతోషించాడు. నాకు మాత్రం భయం పెరిగింది. ఏ పరీక్షకూ దొరకనిది నాలో ఉంది.

మూకండపల్లిలో మా ఇంట్లో కూరలు తరుగుతుండగా ఇంకోసారి వచ్చింది. మంజునాథ కత్తి తీసి అవతల పెట్టి, ఫోన్‌లో వీడియో తీశాడు. అది చూసి డాక్టరు, "ఇది స్ట్రెస్ కాదమ్మా, ఫోకల్ సీజర్. ఫిట్స్‌లో ఒక రకం. మనిషి పడిపోడు కాబట్టి చూసేవాళ్ళకు తెలియదు" అన్నారు.

ఆ వీడియో నేనూ చూశాను. పెదవులు చప్పరిస్తూ, చీర కుచ్చిళ్ళు లాగుతూ ఉన్నాను. మా పాప "అమ్మా, యాడ చూస్తా ఉండావు? నేను ఈడుండాను" అంటోంది. నేను దాని ముఖంలోకే చూస్తున్నాను. ఆ కళ్ళలో నేను లేను.

మర్నాడు మేనేజరుకు చెప్పి, ఫ్యాక్టరీ సర్వర్లలో దేన్నయినా మార్చే హక్కును నా లాగిన్ నుంచి తీసేశాను. ఆ కమాండ్ నేనే రాశాను. నాగరాజు పక్కన కూర్చుని చూశాడు. "బాగైనాక మళ్ళీ ఇస్తాములేమ్మా" అన్నాడు.

మొదటి మందుకు విపరీతమైన కోపం వచ్చేది. పాప మీద అరిచేదాన్ని. మందు మార్చారు. కుదురుకున్నానని నమ్మి, కొత్త సర్వర్ పెట్టే పనిలో నిద్ర మానుకున్నాను. మళ్ళీ వచ్చింది. "మాత్ర ఎంతో నిద్రా అంతే" అని డాక్టరు కోప్పడ్డారు.

ఇప్పుడు చాలాకాలంగా రాలేదు. నాకు నైట్ డ్యూటీలు లేవు. హక్కు తిరిగి ఇచ్చారు. ఏ మార్పు చేసినా పక్కన ఒకరు కూర్చుంటారు. అయినా, ఏదైనా మాట ముందే విన్నట్టు అనిపిస్తే చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంటాను. చాలాసార్లు అది నిజంగా ముందే విన్న మాటే. ఆ సంగతి తేలాకే మళ్ళీ టైపు చేస్తాను.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉన్నట్టుండి పలకడం మానేస్తే, దెబ్బ తగిలే వస్తువులు దూరం జరిపి, వీడియో తీసి డాక్టరుకు చూపించండి. ఆ మనిషికి మాత్రం, అడిగితే తప్ప చూపించకండి. నేను అడిగి చూశాను.