సాయిబు వదిలేసిన విందు

రాయడం వచ్చినవాడికి చదవడమూ వచ్చినట్టేనని నమ్మిన మూర్ఖుణ్ణి నేను.

కరువు ఏడాది, కదిరి దగ్గర గంజి కేంద్రం ముందు వరుసలో కూర్చున్నవాళ్ళకు దర్జీ ఖాసిం సాయిబు నవలలు చదివి వినిపిస్తున్నాడు. డిటెక్టివు కథైనా, దయ్యాల కథైనా, ప్రేమకథైనా ఆయనది ఒకటే గొంతు. బస్సు కోసం ఆగిన నేను వినేసరికి నా నవలే నడుస్తోంది. అందులో జమీందారు పెళ్ళివిందు రాగానే ఆయన నాలుగు పేజీలు చదవకుండా తిప్పేశాడు.

రోషం వచ్చి పుస్తకం లాక్కున్నాను. బూరెలూ నెయ్యీ నోరూరేలా చదివాను. వరుసంతా తలలు దించుకుంది.

"సాలప్పా," అంది ఒక అవ్వ. "గంజి ఇంకా రాలే."

"ఏ కతలోనైనా సరే, తిండి పేజీలు ఈడ చదివేది లేదన్నా," అన్నాడు సాయిబు మెల్లగా.

పగ మాత్రం తీర్చుకున్నాను, సాయిబు మీద కాదు. తరువాతి నవలలో ఆ జమీందారును మూడు రోజులు పస్తు పెట్టాను.