సుభాషిణి తీసేసిన లైను

వినుకొండ నుంచి మాచర్ల వచ్చి సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటరుగా చేరిన సుభాషిణికి ఒక చాదస్తం ఉండేది. మిషను చేయాల్సిన పనుల్ని వరసగా రాసిపెట్టే ఫైలును షెల్ స్క్రిప్టు అంటారు. అందులో ఆమె ప్రతి పని తర్వాతా ‘ఇది అయిందా? కాకపోతే ఆగిపో’ అని ఒక లైను రాసేది. అది ఎందుకు రాసిందో పైన వివరం పెట్టేది. ఆఫీసంతా నవ్వేది. మిషనుకు బుద్ధి ఉండదు, ముందు పని చెడినా ఏమీ ఎరగనట్టు తర్వాతి పనికి పోతుంది. నవ్వేవాళ్లకు ఆ మాత్రం కూడా తెలియదు.

1988లో క్వారీ కాగితం ఆ స్క్రిప్టే తీసేది. ఎవరు ఏ గుంటలో పనిచేయాలో, ఏ గుంటలో మందు పేలుస్తారో క్వారీ ఆఫీసు ఫ్లాపీలో పంపితే, దాన్ని కాపీ చేసుకుని తేదీ వేసి అచ్చువేసేది. కాగితాన్ని పొద్దున్నే గేటుకు అంటించేవారు. డ్రిల్లర్ మౌలాలీకి ఆ కాగితమే ప్రాణం. ఏళ్ల తరబడి డ్రిల్లు పట్టి అతని చెవులు పోయాయి, పేలుడుకు ముందు మోగే సైరన్ వినపడదు. సుభాషిణి అద్దెకుండే వీధిలోనే అతని ఇల్లు.

ఆ ఎండాకాలం డిస్కు నిండిపోయి, కాపీకి చోటు లేక స్క్రిప్టు మాటిమాటికీ ఆగింది. షిఫ్టులూ హాజర్లూ చూసే టైం ఆఫీసు అధికారి నరసింహారావు మీదికొచ్చాడు.

“ఏందమ్మా ఇది? నీ మిషను ఆగితే షిఫ్టు ఆపుకోవాల్నా? ఆ ఆగే గోల తీసిపారెయ్. కాగితం టయానికి రావాల, అంతే!”

“తీసేస్తే తప్పు కాగితం వచ్చినా తెలియదు సార్.”

“చానా చెప్పొచ్చావులే. తీస్తావా, వేరేవాళ్లను పెట్టుకోమంటావా?”

వినుకొండలో ఇల్లంతా ఆమె జీతం మీదే నడుస్తోంది. తీసేసింది.

వారం తిరక్కుండా డిస్కు మళ్లీ నిండింది. కొత్త జాబితా కాపీ కాలేదు. స్క్రిప్టు ఆగలేదు, పైన ఆ రోజు తేదీ వేసి కింద మిషనులో మిగిలున్న నిన్నటి జాబితా అచ్చువేసింది. అందులో మౌలాలీది ఆరో గుంట. ఆ రోజు మందు పెట్టింది ఆరో గుంటలోనే. సైరన్ మోగగానే అంతా పరుగెత్తారు. బండ చాటున ఒంటరిగా ఉన్న మౌలాలీ ఎవరికీ కనపడలేదు.

సైరన్ మోగింది కాబట్టి తప్పు చెవిటివాడిదేనని విచారణలో తేల్చేశారు. ఎంత సిగ్గుమాలిన మాట! ఆ చెవులు తిన్నది ఆ క్వారీయే కదా. విచారణకు సుభాషిణిని ఎవరూ పిలవలేదు. పిలవలేదు కదా అని ఆమె కూడా నోరు మెదపలేదు.

మౌలాలీ చనిపోయిన నలభయ్యో నాటి ఫాతిహా ప్రార్థన అయ్యాక ఇక ఉండబట్టలేక అతని ఇంటికి వెళ్లింది. అతని భార్య హజ్రా బీ వాకిట్లో ఇనప మడత కుర్చీ వేసింది.

“ఆ అమ్మాయి తీసే కాగితం ఉండగా నాకు చెవులెందుకే అనేవాడమ్మా ఆయన. ఆ రోజు సరిగ్గా చూసుకోలా. నా ఖర్మ.”

“సరిగ్గానే చూసుకున్నాడక్కా. కాగితమే తప్పు. తప్పొస్తే ఆపే లైను ఒకటుండేది. నేనే తీసేశా.”



“తీసేస్తే ఇట్టా అవుద్దని తెలుసా నీకు?”

“తెలుసక్కా.”

హజ్రా బీ, సుభాషిణి లేచేదాకా నిలబడి, ఆ కుర్చీ మడిచి లోపలికి తీసుకుపోయింది.