నాలుగో స్పీకర్

మా నాన్నది చీరాలలో బట్టల కొట్టు. చేత్తో తడిమి చూడని గుడ్డకి మా ఇంట్లో ఎవరూ వెల కట్టరు. దెయ్యాల విషయంలోనూ నాది అదే పద్ధతి. పైగా ఇప్పుడు ఐర్లండ్‌లోని అత్లోన్ అనే ఊళ్ళో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు చూసే ఉద్యోగం నాది. ఒకసారి వచ్చిన ఫలితాన్ని రెండోసారి చూడందే నమ్మను. ఇది చదివి నాకు తిక్క అనుకునేవాళ్ళ మీద నాకు కోపం లేదు. ముందు నేనే అనుకున్నాను.

మేం అద్దెకున్న ఇల్లు ఊరి చివర ఉంది. ఇంటాయన పేరు డెక్లన్. అది వాళ్ళమ్మ ఇల్లు, ఆవిడ పోయాక మాకు అద్దెకిచ్చాడు. పోయిన చలికాలానికి ముందు, ఇల్లు అమ్మేస్తున్నానని నోటీసు ఇచ్చాడు.

ఐర్లండ్‌లో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా అమ్మాయి హన్సిక బడి పక్క వీధిలోనే. మా ఆయన రైల్లో డబ్లిన్ వెళ్ళొస్తారు. ఇల్లు వదిలితే ఊరు వదలాలి, ఊరు వదిలితే నా ఉద్యోగం వదలాలి. అందుకని ఆ ఇల్లు మేమే కొనాలనుకున్నాం. బ్యాంకు ఇస్తానన్న అప్పు డెక్లన్ అడిగిన ధరకి చాలదు. మిగిలింది నా నోటితో తగ్గించాలి.

నోటీసుతో పాటే, వాళ్ళమ్మ పేరు మీద నడుస్తున్న ఇంటర్నెట్ కూడా ఆపించేశాడు. మేం సొంత కనెక్షన్ పెట్టించుకున్నాం. మాకు మూడు వైర్‌లెస్ స్పీకర్లు ఉన్నాయి: హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, పాప గదిలో ఒకటి. వాటిని కొత్త నెట్‌వర్క్‌కి మార్చాలంటే ఒక్కోదానికీ మొదటి నుంచీ అన్నీ చెయ్యాలి. నేను అడ్డదారి తొక్కాను. కొత్త రౌటర్‌కి పాత నెట్‌వర్క్ పేరే పెట్టి, పాత పాస్‌వర్డే ఇచ్చాను. అలా చేస్తే పాత పరికరాలు తేడా తెలియక వాటంతటవే వచ్చి కలుస్తాయి. కలిశాయి కూడా. మా ఆయన దగ్గర కాసేపు గొప్పలు పోయాను.

తర్వాత ఫోన్‌లో వాటిని నడిపే యాప్ తెరిస్తే స్పీకర్లు నాలుగున్నాయి.

నాలుగోదాని పేరు ‘మామ్’. ఇక్కడ అమ్మని అలాగే పిలుస్తారు. డెక్లన్ వాళ్ళమ్మది ఏ మూలనో ఉండిపోయిందనుకుని మెట్ల కింద, వంటింటి అలమరల్లో, అటక మీద వెతికాను. దొరకలేదు. పక్కింటివాళ్ళదేమో అనుకోవడానికి మా పక్కన ఉన్నది గొర్రెలు మేసే పొలం.

ఆ వారంలోనే ఒక సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను. ఈ దేశంలో రోజూ ఆరింటికి రేడియోలో ప్రార్థన గంట మోగుతుంది. మా స్పీకర్లు మూడూ ఆపి ఉన్నాయి. అయినా గంట వినిపించింది, గోడకి అవతల మోగుతున్నట్టు సన్నగా. యాప్ చూస్తే ‘మామ్’లో రేడియో నడుస్తోంది. శబ్దం గీతని సున్నా దాకా జరిపాను. వేలు తియ్యగానే అది మెల్లగా పైకి జరిగింది.

వెళ్ళి రౌటర్ ప్లగ్గు పీకేశాను. ఫోన్ తన సొంత డేటా మీదకి మారింది. యాప్‌లో మా మూడు స్పీకర్ల పేర్లూ వెలిసిపోయాయి. ‘మామ్’ మాత్రం పచ్చగానే ఉంది. గంట ఆగలేదు.

హన్సిక మెట్ల మీద కూర్చుని షూ లేసులు విప్పుకుంటోంది. "అమ్మా, లీవ్ ఇట్. ఇట్స్ నియర్లీ ఓవర్" అంది తలెత్తకుండానే.

"నీకు ముందే తెలుసా?"

"యా. ఎవ్రీ డే."

మా ఆయన వచ్చేదాకా పాపని తీసుకుని కారులో కూర్చున్నాను. ఆయన వచ్చి ప్లగ్గు పెట్టి చూశారు, తీసి చూశారు. అప్పటికి అంతా మామూలుగానే ఉంది.

"ఏదో సాఫ్ట్‌వేర్ తప్పయి ఉంటుందే. అయినా ఇంట్లో దెయ్యం ఉందని చెప్పి చూడు, డెక్లన్ ధర దింపుతాడేమో."

"మీకు నవ్వులాటగా ఉందా?"

"నేనెక్కడ నవ్వాను? నీ విద్యే నీకు గుర్తుచేస్తున్నా."

సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంత భయంలోనూ ఆ మాట నాకు నచ్చింది. కొనదలుచుకున్న సరుకుకి ముందు వంక పెట్టాలని కొట్లో పెరిగినవాళ్ళకి ఒకరు నేర్పాలా?

శనివారం డెక్లన్ వచ్చాడు. టీ ఇచ్చి మొదలుపెట్టాను. గోడల్లో చెమ్మ ఉందన్నాను, బాయిలర్ పని అయిపోయిందన్నాను, కిటికీల్లోంచి గాలి వస్తోందన్నాను. అన్నిటికీ "గ్రాండ్, గ్రాండ్" అంటూ, సరే సరే అన్నట్టు తలూపాడే తప్ప ధర ఊసెత్తలేదు. చివరికి నవ్వుతూ ఫోన్ చూపించాను. మీ అమ్మగారి స్పీకర్ ఎక్కడో దాక్కుని మమ్మల్ని ఆడిస్తోంది, దాన్ని కూడా మాకే అంటగడుతున్నారా అన్నాను.

ఫోన్ చేతిలోకి తీసుకుని ఆ పేరు చూశాడు.

అది ఆవిడ దగ్గరే ఉందన్నాడు. నాకు అర్థం కాలేదు. చివరి రోజుల్లో ఆవిడకి నిశ్శబ్దం అంటే భయమట. పక్కన ఆ చిన్న స్పీకర్‌లో రేడియో నడుస్తుంటేనే నిద్రపోయేదట. అందుకని శవపేటికలో జపమాలతో పాటు దాన్నీ పెట్టారు. పెట్టింది తనేనన్నాడు.

అతని చేతిలోని తెర మీద శబ్దం గీత పైకి జరగడం ఇద్దరం చూశాం. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, ఎంత ఇవ్వగలరని అడిగాడు. బేరం సాగడానికి వీలుగా, నేను ఇవ్వగలిగినదానికన్నా బాగా తగ్గించి చెప్పాను. సరేనన్నాడు. మొదటి మాటకే తెగిన బేరం నా జన్మలో అదొక్కటే. సంతోషం మాత్రం రాలేదు. డెక్లన్ టీ ముట్టకుండానే లేచి గుమ్మం దాకా వెళ్ళి, సాయంత్రాలు మాత్రం దాన్ని ఆపొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

కాగితాలు పూర్తయి ఇల్లు మా పేరు మీదకి వచ్చిన రోజున, మొదటే చెయ్యాల్సిన పని చేశాను. నెట్‌వర్క్‌కి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. ఓపిగ్గా ఒక్కో స్పీకర్‌నీ దానికి మార్చాను. యాప్‌లో మూడే ఉన్నాయి. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

మర్నాడు సాయంత్రం చూస్తే నాలుగున్నాయి. ఆ పాస్‌వర్డ్ అప్పటికి మా ఆయనకి కూడా చెప్పలేదు.

స్పీకర్ల కంపెనీకి ఫోన్ చేస్తే, మా ఇంట్లో మూడే కనిపిస్తున్నాయన్నారు. తెర ఫోటో తీసి పంపాను. ఫోటోలోనూ మూడే ఉన్నాయన్నారు. నా కళ్ళకి నాలుగు. మా ఆయన కళ్ళకీ నాలుగే. ఇది ఎలా జరుగుతోందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఇల్లు మాదే. అప్పు తీరేదాకా కదిలే దారి కూడా లేదు. కానీ ఆరింటికి గంట మొదలైతే మేం ముగ్గురం, ఇంకొకరింట్లో అద్దెకున్నవాళ్ళలా, గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం.