ఆవిడకు నప్పినవి

కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో ఆమె పని. ముందు గదిలో డాక్టరు పవరు చూసి చీటీ రాసిస్తాడు. ఆ చీటీని, కొనేవాళ్ళు ఎంచుకున్న ఫ్రేమును చిన్న ట్రేలో పెట్టి వెనక్కి పంపుతారు. గుండ్రటి గాజు బిళ్ళను నీళ్ళు కారే చక్రం మీద అరగదీసి, ఫ్రేములో బిగుసుకునేలా కూర్చోబెట్టడం ఆమె వంతు. చక్రం చప్పుడులో ఎవరి మాటా వినపడదు కాబట్టి పగలంతా నోరు మూసుకునే పనిచేసేది. సాయంత్రం బస్సులో టికెట్ అడిగినప్పుడుగాని తన గొంతు తనకు గుర్తొచ్చేది కాదు. దుకాణంలో అందరూ ఆమెను అద్దాలమ్మ అనేవారు. మనమూ అలాగే అందాం.

పెళ్ళికి ముందు, బస్టాపు పక్కన పాత పుస్తకాలు అమ్మే అతని దగ్గర, కాలక్షేపానికని అట్ట ఊడిన నవల ఒకటి కొన్నది. అందులో కథ చెప్పేవాళ్ళెవరూ లేరు. అన్నీ ఉత్తరాలే. ఓడరేవు ఊళ్ళో మేడమీది గది అద్దెకు తీసుకుని, టైపు కొట్టి బతికే ఒకమ్మాయి, ఇంటి దగ్గర తండ్రిని చూసుకుంటున్న అక్కకు రాసినవి. అక్క జవాబులు పుస్తకంలో లేవు. అద్దాలమ్మ ఆ రోజు తను దిగాల్సిన స్టాపు చూసుకోలేదు. ఆఖరి స్టాపులో కండక్టరు వచ్చి, "ఏమ్మా, బస్సులోనే కాపురం పెడతావా?" అంటే లేచింది.

ఆ అమ్మాయిలో అంత ఏముందని అడిగితే ఆమె సరిగ్గా చెప్పలేకపోయేది. మొండి మనిషి. చేతిలో డబ్బాడకపోయినా తనమీద తనే జోకులేసుకుంటుంది. కప్పు అంచు పగిలితే, పగలని వైపు నుంచి తాగుతున్నానని గొప్పగా రాస్తుంది. ఎలా ఉంటుందో మాత్రం ఎక్కడా చెప్పదు. సొంత అక్కకు రాస్తూ తన ముక్కు ఎలా ఉందో ఎవరు చెబుతారు? ఆ తెలియకపోవడమే అద్దాలమ్మను పట్టుకుంది.

ఒకరోజు పాత సామాన్ల బజారులో నీలం రంగు ఎనామిల్ కప్పు కనిపించింది. పిడి దగ్గర కాస్త పెచ్చు లేచింది. చూడగానే 'ఇది ఆవిడదే' అనుకుంది. పుస్తకంలో నీలం కప్పు లేదు. ఉండనక్కర్లేదు. ఆ చేతిలో పెడితే నప్పాలి, అంతే లెక్క. తర్వాత చెక్క పిడి గొడుగు వచ్చింది. బోర్లా పడుకోబెడితేనే నడిచే అలారం గడియారం వచ్చింది. దుకాణంలో పాత స్టాకు తీసేస్తుంటే సన్నటి స్టీలు ఫ్రేము, గుండ్రటిది, యజమానిని అడిగి తెచ్చుకుంది. పెళ్ళయ్యాక అవన్నీ చిన్న గదిలో ఒక అరలోకి చేరాయి.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పుస్తకాల జోలికి పోయే మనిషి కాడు కాని భార్య సరదాకు అడ్డు చెప్పేవాడూ కాడు. "మా ఇంట్లో ముగ్గురం. అందులో ఒకావిడ బయటికి రాదు" అని స్నేహితులకు చెప్పేవాడు. ఒకసారి పూసలు కుట్టిన తళతళలాడే చేతిసంచి కొనుక్కొచ్చి, "మీ ఆవిడకి" అని అందించాడు. అద్దాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుందండీ. కానీ ఇది ఆవిడది కాదు. ఆవిడ పక్కింటావిడది."

"పక్కింటావిడ కూడా ఉందా పుస్తకంలో?"

"లేదు. ఉంటే ఇలాంటిది పట్టుకుంటుంది."

అతను తల గోక్కుని, ఆ సంచిలో స్క్రూడ్రైవర్లు వేసుకున్నాడు.

ఇలా నడుస్తుండగా భర్త అక్కగారు వచ్చారు. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే, రాత్రి డ్యూటీలు చేసి తమ్ముణ్ణి చదివించి, పని నేర్పించి, ఒక ఇంటివాణ్ణి చేసింది. తన పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో, "ముందు వీడి సంగతి తేలనివ్వండి" అనేది. వాడి సంగతి తేలేసరికి అడిగేవాళ్ళు లేరు. క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు తమ్ముడే వెళ్ళి పెట్టె మోసుకొచ్చాడు. ఆమెకు చిన్న గది ఇచ్చారు. మొదటిరోజే అరకేసి వేలు చూపించింది.

"ఇవన్నీ ఎవరివి?"

అద్దాలమ్మ నసుగుతూ చెప్పింది. వదిన శ్రద్ధగా విన్నది.

"అంటే లేని మనిషికి గొడుగు."

"అంతే వదినా."

"మరి వానొస్తే మీరిద్దరూ తడుస్తూ వస్తారేం?"

అన్నదేగాని వదిన ఆ వస్తువులను కదిలించలేదు. తన మందులు కింది అరలో సర్దుకుంది.

కొన్నాళ్ళకు వదిన స్నానాల గదిలో జారి పడింది. చీలమండ ఎముక చిట్లింది, కళ్ళజోడు రెండు ముక్కలైంది. కాలికి కట్టు వేసి, కదలొద్దన్నారు. జీవితమంతా ఇతరులను మంచం దిగొద్దని కేకలేసిన మనిషికి తను పడుకోవడం చేతకాలేదు. పేపరు చదవాలన్నా కళ్ళజోడు లేదు.

"కొత్త ఫ్రేము తెస్తాను వదినా, ఏ రంగు కావాలి?" అని అడిగింది అద్దాలమ్మ.

"కొత్తదెందుకే, అదిగో అక్కడ ఖాళీగా పడుందిగా. దాంట్లో అద్దాలేసి పట్రా."

"అది... ఆవిడది వదినా."

"ఆవిడకి కళ్ళున్నాయా?"

గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు చూరుకేసి చూశాడు. అద్దాలమ్మ ఫ్రేము తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు చక్రం మీద ఆ అద్దాలు అరగదీస్తుంటే సొంత నగ ఎవరికో ఎరువిస్తున్నట్టు మనసు చివుక్కుమంది. పని మాత్రం చక్కగా చేసింది. సాయంత్రం వదిన ముఖానికి పెట్టి, చెవుల వెనక వంపు సరిచేసి, ఒకడుగు వెనక్కేసి చూసింది. నప్పింది. అంత బాగా నప్పుతుందని తను అనుకోలేదు.

పేపర్లు అయిపోయాయి. "ఆ పుస్తకమేదో ఇలా పడెయ్. చేసే పనేముంది" అన్నది వదిన. ఆమె చదువుతున్నంతసేపూ అద్దాలమ్మ ఏదో ఒక వంకన గదిలోకి తొంగిచూసేది. ఆఖరి పేజీ అయ్యాక వదిన పుస్తకం గుండెలమీద పెట్టుకుని పడుకుంది.

"ఎలా ఉంది వదినా?"

"రాయడం బాగానే రాసింది. కానీ ఏం మనిషే అది? అన్ని ఉత్తరాలు రాసింది, ఒక్కదాంట్లోనన్నా నువ్వెలా ఉన్నావక్కా అని అడిగిందా? నాన్నకి దగ్గు తగ్గిందా అని అడుగుతుంది. పిల్లి ఈనిందా అని అడుగుతుంది. అక్క మాత్రం ఉత్తరాలు చదివిపెట్టే మనిషి."

"అక్క జవాబులు లేవుగా. మనకేం తెలుస్తుంది?"

"లేకపోతేనేం? వీళ్ళ నాన్న మంచం మీదున్నాడు. పక్కలు మార్చేదెవరు? గుడ్డలుతికేదెవరు? ఈవిడగారేమో సముద్రం ఏ రంగులో ఉందో రాస్తుంది."

ఇన్నేళ్ళూ ఆ అమ్మాయిని ఒక్కరూ మాటన్నది లేదు, అసలు చదివినవాళ్ళే లేరు మరి. అద్దాలమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగానే కడిగింది. తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో మాటలు పొడిపొడిగా నడిచాయి. మందు వేళకు మందు అందించేది, కట్టు కింద దిండు సర్దేది, అంతే. భర్త ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా తిరిగాడు.

మధ్యాహ్నం తిండి వేళ అద్దాలమ్మ పుస్తకం దుకాణానికి పట్టుకెళ్ళి, మొదటినుంచి వెతకడం మొదలుపెట్టింది. వదిన అన్నది తప్పని చూపించాలి. ఎన్నోసార్లు చదివిన పుస్తకమే. కానీ ఇప్పుడు పేజీ తిప్పినకొద్దీ ఆమెకే సిగ్గుగా అనిపించింది. నిజంగానే అడగలేదు. ఒక ఉత్తరంలో అడగబోయి, వీధిలో ఏదో బ్యాండు వెళ్తోందని కిటికీ దగ్గరికి పరుగెత్తింది. తను ఆ బ్యాండు వాక్యాన్ని చదివి చదివి మురిసిపోయేది. దానికి ముందు ఆగిపోయిన వాక్యాన్ని చూసిందే లేదు.

చివరికి ఒక సాయంత్రం బస్టాపులో దొరికింది. ఆఖరుకు దగ్గరగా, ఒకే ఒక్క ముక్క. 'నీ చేతులు చలికి పగిలేవి కదా. ఇప్పుడెలా ఉన్నాయి?' అద్దాలమ్మ ఆ పేజీలో వేలు ఇరికించుకుని, వేలు తీయకుండానే బస్సెక్కి, ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వదిన ముందు పెట్టింది.

"అడిగింది వదినా. చూడు."

వదిన చదివింది. ముందు పేజీ తిప్పి తేదీ చూసింది.

"నాన్న పోయాక."

"పోయాకే. అయినా అడిగింది."

"అవునే, అడిగింది." వదిన కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "రోజుకి పదిసార్లు సబ్బుతో కడిగితే చేతులు పగుళ్ళు పడతాయి. నావీ అలాగే ఉండేవి. వీడు స్కూలు నుంచొచ్చి చేతికి నూనె రాసేవాడు, చారెడు నేలమీద ఒలకబోసి." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అడిగింది. "ఆ అరలో చేతులకి రాసుకునేదేమైనా ఉందా?"

"లేదు. ఆవిడకి... అలాంటివి గుర్తుండవు."

"అక్కకి కావాలిగా."

అలా పుస్తకంలోని అక్కగారికి కూడా కొనడం మొదలైంది. వదినకు కాలు కట్టు విప్పాక, ఆదివారాలు ఇద్దరూ పాత సామాన్ల బజారుకు వెళ్ళేవారు. వదిన చేతికర్రతో, అద్దాలమ్మ ఆమె నడకకు తగ్గట్టు నిదానంగా. అక్కగారి వస్తువుల లెక్క వేరు. అవి గట్టిగా ఉండాలి. గుడ్డను నిజంగా కత్తిరించే కత్తెర, మూత సరిగ్గా పట్టే తగరం డబ్బా, మంచం పక్కన వేసుకుని కూర్చుంటే నడుం నొప్పెట్టని పొట్టి పీట. వదిన ప్రతిదాన్నీ నొక్కి, తట్టి, కూర్చుని చూసేది. "రోగి దగ్గర కూర్చునేవాళ్ళకి వీపు ముఖ్యం" అని అమ్మేవాడికి పాఠం చెప్పేది. అద్దాలమ్మ ఒక్కోసారి పట్టుబట్టేది.

"ఎప్పుడూ పనికొచ్చేవేనా వదినా? ఆ అక్కకి ఒక్కటన్నా ఊరికే ఉండేది వద్దా?"

దానిమీద వదిన వారమంతా ఆలోచించి, మరుసటి ఆదివారం ఒక గాజు పక్షిని బేరమాడకుండా కొన్నది.

అర నిండిపోయి గూట్లోకి, గూడు నిండి కిటికీ చట్రం మీదికి వచ్చాయి. వానాకాలంలో గొడుగు వాడుకలోకి దిగింది. నీలం కప్పులో వదిన టీ తాగుతోంది. అద్దాలమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

లిఫ్టు మెకానిక్కుకు ఇంట్లో తనకే ఏమీ తెలియడం లేదని ఉడుకుమోత్తనం వచ్చింది. ఇద్దరూ అన్నం దగ్గర కూడా ఆ అక్కాచెల్లెళ్ళ గొడవే మాట్లాడుకుంటున్నారు. చివరికి తనే పుస్తకం తీసుకుని, పని లేని వేళల్లో మిషను గదుల్లో కూర్చుని, గ్రీజు వేళ్ళు అంటకుండా అంచులు పట్టుకుని చదివాడు. పూర్తయిన రోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. అక్క, భార్య ఇద్దరూ పని ఆపి అతని ముఖంలోకి చూశారు.

"ఊఁ, చెప్పరా. ఎవరి పక్షం?" అన్నది అక్క.

అతను చేతులు తుడుచుకున్నాడు.

"ఆ అమ్మాయి అద్దెకున్న మేడ ఓనరున్నాడే, కింద వాటాలో, మెట్లు బాగుచేయించేవాడు. పాపం ఈవిడ అద్దె ఎప్పుడిస్తుందో తెలియకపోయినా ఒక్కసారీ గట్టిగా అడగలేదు. నాకు ఆయన నచ్చాడు."

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి మొదలుపెట్టారు. ఆ మెట్లు బాగుచేయించింది ఎప్పుడని ఒకరు, ఆయన కూతురికి ఈవిడ ఉత్తినే టైపు నేర్పలేదా అని ఒకరు. అతను పళ్ళెం ముందుకు లాక్కుని, "సరే సరే. ముందు అన్నం పెట్టండి. ఆ తర్వాత ఆయనకి కూడా ఏదన్నా కొందాం" అన్నాడు.