వెన్నకో సందర్భం

సందర్భం లేనిదే మావయ్య ఇంట్లో ఎవర్నీ వెన్న ముట్టనివ్వడు. ఈ మాట వింటే ఆయన పిసినారి అనుకుంటారు ఎవరైనా. పిసినారితనమే అయితే కోడలికి బెంగ లేదు, అదొక లెక్కకి అందే గుణం. చిక్కల్లా ఆయన దృష్టిలో సందర్భం అంటే ఏమిటన్నదే. పుట్టినరోజు సందర్భం కాదు. జీతం పెరగడం అసలే కాదు. పోయిన గొడుగు మంగలి షాపులో దొరికితే సందర్భం. గోడ గడియారమూ రేడియో ఒకే టైము చెబితే సందర్భం.

అలాంటి సాయంత్రం ఆయన ఫ్రిజ్‌లో అన్నిటికంటే వెనకాల దాచిన వెన్న పొట్లం తీసేవాడు. మూకుట్లో ధారాళంగా కరిగించి, చక్కెర చల్లి, అది ఎర్రబడ్డాక నిలువుగా చీల్చిన అరటిపండ్లు పరిచేవాడు. ఆ వాసన మెట్లు దిగి వెళ్ళి, కింద వాటాలో ఉండే టైలర్‌ని చెవి పట్టుకుని పైకి లాక్కొచ్చేది. వీధిలో మావయ్య అసలు పేరు చాలామంది మరిచిపోయారు. అందరికీ ఆయన ‘సందర్భం తాత’.

ఒకప్పుడు మావయ్యకి కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. వచ్చినవాళ్ళ ముక్కు మీద కళ్ళజోడు పెట్టడం, కాస్త వెనక్కి జరిగి ముఖం పరీక్షగా చూడడం, మళ్ళీ తీసి కాడ వంచడం, ఇదే బతుకు. దుకాణం అమ్మేశాక వంటిల్లు ఆక్రమించాడు. కొడుకు ఆసుపత్రిలో నర్సు. కోడలు చెప్పుల కంపెనీలో డిజైన్లు గీస్తుంది. ఇద్దరూ సాయంత్రానికి పిండేసిన గుడ్డల్లా ఇల్లు చేరేవాళ్ళు కాబట్టి ఆ ఆక్రమణకి ఎవరూ అడ్డుపడలేదు.

మామూలు రోజు వంటకి ఆయన పెట్టుకున్న నియమం చిన్నదే. ఒక గిన్నె, ఒక మూకుడు. “రెండో కూర కావాలన్నవాళ్ళు రెండో ఇల్లు చూసుకోవచ్చు” అనేవాడు. అయితే ఆ ఒక్క కూరకీ వంక పెట్టడానికి ఉండేది కాదు. ఉల్లిపాయల్ని అవతలి వెలుగు కనిపించేంత పల్చగా తరిగి, అవి బంగారు రంగుకి వచ్చేదాకా పొయ్యి దగ్గర ఓపిగ్గా నిలబడేవాడు. బంగాళాదుంపలకి మూత పెట్టి సన్నని మంట మీద మగ్గనిచ్చేవాడు. కూరగాయలు నిండుకున్న రోజున టమాటాలు మెత్తగా ఉడికించి అందులోనే గుడ్లు కొట్టిపోసేవాడు. ఇంత ఉప్పు, ఇంత మిరియాలపొడి, అంతే సంగతి. మూకుడు అడుగు గీకడానికి తాతా మనవరాలూ పోట్లాడుకునేవాళ్ళు.

ఆ మనవరాలే ఒకసారి స్కూల్లో పరుగుపందెం గెలిచి, తన చేతికంటే పెద్ద కప్పు మోసుకొచ్చింది.

“తాతా, ఫస్టు! ఇప్పుడు చెప్పు, ఇది సందర్భమా కాదా?”

మావయ్య కప్పుని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల వేలు పెట్టి లోతు చూశాడు. “బాగుందే. చెంచాలకి సరిపోతుంది.”

“వెన్న?”

“ఇవాళ క్యాబేజీ.”

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో చెంచాలు బహుమతి కప్పులో ఉంటాయి.

కోడలికి ప్రమోషన్ వచ్చిన రోజూ అదే వరస. ఆమె దారి పొడుగునా అరటిపండ్ల వాసన ఊహించుకుంటూ వచ్చింది. మావయ్య సంగతంతా విని, “మంచిదమ్మా, చాలా మంచిది. చేతులు కడుక్కునిరా, క్యాబేజీ వేడిగా ఉంది” అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండి, గదిలోకి వెళ్ళి భర్త మీద విరుచుకుపడింది.

“గొడుగు పాటి చెయ్యనా నేను ఈ ఇంట్లో?”

“నువ్వు నయం” అన్నాడు భర్త, మేజోళ్ళు విప్పుకుంటూ. “నాకు ఉద్యోగం వచ్చిన రోజు క్యాబేజీ. మన పెళ్ళి కుదిరిన రోజు కూడా క్యాబేజీయే.”

టైలర్ మాత్రం ఆశ వదులుకోలేదు. రోజుకో సందర్భం కుట్టుకుని పైకి వచ్చేవాడు.

“ఇవాళ పొద్దుట్నుంచీ సూది విరగలేదండీ. సందర్భమేనా?”

“కాదు.”

“పోనీ, ఇప్పుడే విరిగిందనుకోండి?”

“అది అసలే కాదు. కూర్చో, దుంపల వేపుడు తిని పో.”

అలాంటి టైలర్ ఒకసారి పెళ్ళికొడుకు కోటుకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టి, పెళ్ళివారందరితో వీధిలో చీవాట్లు తిన్నాడు. ఆ సాయంత్రం పైకి వచ్చింది అరువు తీసుకున్న స్క్రూడ్రైవర్ ఇచ్చేసి పోదామని. వెన్న మాటే ఎత్తలేదు. మావయ్య ఆయన్ని గుమ్మంలోనే ఆపి, “సమయానికి వచ్చావయ్యా! మెట్ల మీది బల్బు మిణుకుమనడం మానేసింది, చూశావా? సందర్భమంటే ఇదీ!” అని మూకుడు పొయ్యెక్కించాడు. ఎంత అదృష్టవంతుడు, తప్పు కుట్టిన రోజునే వెన్న దొరికింది, అనుకుంది కోడలు. అంతకు మించి ఆలోచించలేదు.

తర్వాత కొన్నాళ్ళకి చెప్పుల కంపెనీలో ఆమె పనిచేసే విభాగం మూతపడింది. డిజైన్లు ఇకమీదట బయట కొనుక్కుంటారట. మేనేజరు ఆ మాట చాలా మర్యాదగా చెప్పి, టీ కూడా ఇప్పించాడు. ఆమె తన పెన్సిళ్ళూ, రంగుల డబ్బా సంచిలో వేసుకుని బస్సెక్కింది. ఇల్లు వచ్చేలోపు ఒకటి తేల్చుకుంది: ఈ సంగతి ఇంట్లో చెప్పకూడదు. చెబితే భర్త ఆ పూటే రెండో డ్యూటీకి ఒప్పుకుంటాడు. ఉన్న ఒక్క డ్యూటీకే మనిషి చెప్పులు విప్పుతూ విప్పుతూ నిద్రపోతున్నాడు. వేరే పని దొరికేదాకా రోజూ సంచి తగిలించుకుని బయల్దేరాలి, సాయంత్రం తిరిగి రావాలి. అంతే.

గుమ్మం ముందు ఆగి ముఖం సవరించుకుంది. లోపలికి వస్తూనే కూతుర్ని ఎత్తుకుంది. బస్సులో ఎవరిదో కోడిపెట్ట తప్పించుకున్న కథ చెప్పింది. తనే అందరికంటే ముందు నవ్వింది. దుంపలు తరుగుతున్న మావయ్య కత్తి ఆపి, కళ్ళజోడు పైనుంచి ఒక్కసారి చూసి, మళ్ళీ తరగడంలో పడ్డాడు.

కాసేపటికి వంటింట్లోంచి కేక వినిపించింది. “అమ్మాయ్! కుళాయి కారడం ఆగిపోయింది!”

ఆ కుళాయి ఆమె కాపురానికి రాకముందు నుంచీ కారుతోంది. “ఎవరు బాగుచేశారు మావయ్యా?”

“ఎవరూ చెయ్యలేదు. దానంతటదే బుద్ధి తెచ్చుకుంది. చప్పుడు వినిపిస్తోందా? లేదు కదా! ఏమే మనవరాలా, వెన్న పట్రా!”

ఆ పూట మావయ్య పొట్లమంతా కరిగించాడు. పాకం పట్టిన పండ్లలో పెద్ద ముక్కలన్నీ కోడలి పళ్ళెంలోనే పడ్డాయి. టైలర్ ఎప్పటిలాగే వాసన పట్టుకుని వచ్చి, కుళాయి సద్బుద్ధిని మెచ్చుకుని, తన వాటా తిని వెళ్ళాడు. కోడలు మొదట మర్యాదకి తింది. తర్వాత ఆకలికి తింది. చివర్న పళ్ళెంలో మిగిలిన పాకాన్ని వేలితో తుడుచుకుని మరీ తింది. ఆఫీసులో మధ్యాహ్నం ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పళ్ళేలు కడుగుదామని తొట్టి దగ్గరికి వెళ్ళింది. కుళాయి కింద పాత బనీను ముక్క ఒకటి, నాలుగు మడతలు వేసి పెట్టి ఉంది. తడిసి ముద్దయింది. ఆమె దాన్ని పైకెత్తింది.

టప్. టప్. టప్.

గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. గొడుగు దొరికిన రోజు, భర్త వార్డులో చాలాకాలంగా ఉన్న పెద్దాయన పోయాడు. గడియారమూ రేడియో ఏకమైన రోజు, కూతుర్ని స్నేహితులు ఆటలోంచి వెలేశారు. మెట్ల బల్బు రోజు, టైలర్‌ని తిట్టారు. ఆ బల్బు ఇప్పటికీ మిణుకుతూనే ఉంది, ఇందాక వచ్చేటప్పుడు కూడా చూసింది.

గుడ్డ చేత్తో పట్టుకునే ముందుగదిలోకి వచ్చింది. “మావయ్యా, కుళాయి కారుతోంది.”

“మళ్ళీ మొదలెట్టిందా? మాట మీద నిలబడని కుళాయి” అన్నాడాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

“నా ఉద్యోగం పోయింది మావయ్యా.”

ఆయన పేపరు మడిచాడు. “కోడిపెట్ట కథ మరీ పొడుగైంది. ఏదో ఉందనుకున్నాను. కూర్చో.”

“ఆయనకి చెప్పొద్దు. ఇంకో డ్యూటీ నెత్తినేసుకుంటారు.”

“వాడికి నువ్వే చెప్పాలి. డ్యూటీ సంగతి నాకొదిలెయ్. రెండో డ్యూటీ చేసేవాడికి ఈ ఇంట్లో అన్నం లేదంటాను. వాడు నర్సే కానీ, ఆకలికి ఆగలేడు.”

ఆమెకి ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. “మరి నా ప్రమోషన్ రోజు క్యాబేజీ ఎందుకు పెట్టారు?”

“ఆ రోజు నువ్వు గడ్డి పెట్టినా తినేదానివి” అన్నాడు మావయ్య. “వెన్న దండగ.”

భర్తకి ఆమే చెప్పింది. రెండో డ్యూటీ మాట ఆయన నోటిదాకా వచ్చింది, తండ్రి గరిటె చూసి వెనక్కి వెళ్ళింది. ఎండలు ముదిరేసరికి ఆమెకి పిల్లల బొమ్మల కంపెనీలో బొమ్మలు గీసే పని దొరికింది. ఆ సాయంత్రం మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చి చెప్పింది. మావయ్య తల ఊపి, “మంచిదమ్మా, చాలా మంచిది” అని వంటింట్లోకి వెళ్ళాడు.

కాసేపటికి టైలర్ గుమ్మంలోంచి ముక్కు ఎగబీల్చాడు. “కొత్త ఉద్యోగమట కదమ్మా! వాసన రాదేమిటి? ఏమిటివాళ స్పెషల్?”

“క్యాబేజీ” అంది కోడలు గొప్పగా, ఆయనకో పళ్ళెం వేస్తూ. “మా ఇంట్లో ఇవాళ ఏ సందర్భమూ లేదండీ.”

కుళాయి ఇప్పటికీ కారుతోంది. బాగుచేయిస్తానని భర్త రెండుసార్లు అన్నాడు. ఆమే వద్దంది.